మాన్‌స్టర్‌కు ఆ సంగతి ఎలా తెలిసింది? డంజన్ మాస్టర్ల కోసం సమగ్ర మార్గదర్శి

రెండేళ్ల కిందట నేను డంజన్ మాస్టర్‌గా (డీఎం, అంటే కథనూ మాన్‌స్టర్లనూ నడిపే మనిషిగా) నడుపుతున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్రను ఆడే సాహస క్రీడ), ఒక పాత సమాధి గదిలో ఆరు అస్థిపంజరాలు విల్లులు ఎక్కుపెట్టి నిలబడి ఉన్నాయి. పాత్రలు గడప దాటగానే ఆరు బాణాలూ వెనక వరుసలో ఉన్న విజార్డ్ (మంత్రాలు వేసే పాత్ర) మీదికే వెళ్లాయి. ఆ పాత్రకు పదకొండు హిట్ పాయింట్లే (ప్రాణబలాన్ని చెప్పే అంకె) మిగిలాయని నాకు తెలుసు. షీల్డ్ అనే రక్షణ మంత్రం వేసుకోవడానికి ఒక్క స్లాట్ (మంత్రం వేస్తే ఖర్చయ్యే అవకాశం) కూడా లేదని కూడా తెలుసు. ఆ పాత్రను ఆడుతున్న తమ్ముడు కాగితం మీది నుంచి తలెత్తి, "అన్నా, నా స్లాట్లు అయిపోయిన సంగతి వాటికి ఎవరు చెప్పారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చెప్పింది నేనే.

ఆ రోజు నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. మాన్‌స్టర్ ఏ సంగతిని ఆధారం చేసుకుని కదిలినా, ఆ సంగతి దానికి ఏ దారిన చేరిందో నేను ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. కన్ను, చెవి, ముక్కు, ఒంటిమీద పడిన దెబ్బ, తోటివాడు చెప్పిన మాట, మంత్రం, ఇంతకుముందు బతికిన బతుకు: దారులు ఇవే. వీటిలో ఏ ఒక్కటీ లేకపోతే ఆ సంగతి డీఎంకు తెలిసినట్టే గాని మాన్‌స్టర్‌కు తెలిసినట్టు కాదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పక్షపాతం చూపుతున్నామేమో అనే జంకుతో కొందరు డీఎంలు మాన్‌స్టర్లను మరీ మొద్దులుగా నడుపుతారు. కళ్లముందే క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) మూడుసార్లు పడినవాళ్లను లేపినా, దారి దోపిడీలతోనే బతికే గోబ్లిన్లు అనే పొట్టి జీవులు ఆ వైపు కన్నెత్తి చూడవు. అలాంటి ఆటలో మారువేషం వేసుకున్నా, చీకట్లో నక్కినా, మంత్రాన్ని చివరిదాకా దాచుకున్నా ఆటగాడికి దక్కేది ఏమీ ఉండదు. ఎదుటివాడికి చూసే కన్నూ ఆలోచించే బుర్రా ఉన్నప్పుడే దాచడానికి విలువ.

ఈ చిక్కు చాలా పాతది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్స్ రూపం ఇచ్చిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడలో రెండు పక్షాలకూ నడుమ ఒక మధ్యవర్తి ఉండేవాడు. ఎవరి దళాలకు ఎంత కనిపిస్తుందో అంతవరకే వారికి తెలియజేయడం అతని పని. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా యుద్ధక్రీడల వంశంలో పుట్టిందే. అయితే ఇందులో మధ్యవర్తే ఒక పక్షాన్ని ఆడాలి కూడా. అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియనివాడిగా నడుచుకోవడానికి మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు, పద్ధతి కావాలి. ఆ పద్ధతినే కింద మెట్లుగా చెబుతున్నాను. ఇందులోని అంకెలు 2014 నాటి ఐదో ఎడిషన్‌వి. ఆ తరువాతి పుస్తకాల్లో కొన్ని అంకెలు మారాయి కాబట్టి మీ దగ్గరున్న పుస్తకంతో సరిచూసుకోండి.

మొదటి మెట్టు: గమనించే శక్తినీ అర్థం చేసుకునే శక్తినీ విడివిడిగా చదవండి

స్టాట్ బ్లాక్ (జీవి అంకెల పట్టిక) తెరవగానే మన చూపు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) మీదికీ దెబ్బల లెక్క మీదికీ పోతుంది. ముందుగా చదవవలసినవి ఇంటెలిజెన్స్ (తెలివి), విజ్డమ్ (వివేకం), సెన్సెస్ (ఇంద్రియాలు), భాషలు అనే నాలుగు వివరాలు. సెన్సెస్ వరుసలో ఉండే పాసివ్ పర్సెప్షన్ ఆ జీవి తనంతట తాను ఎంత గమనిస్తుందో చెబుతుంది. ఇంటెలిజెన్స్ గమనించినదాన్ని ఎంతవరకు అర్థం చేసుకుంటుందో చెబుతుంది. ఈ రెండూ ఒకటేనన్నట్టు నడిపితే పొరపాట్లు వస్తాయి.

తోడేలునూ ఓగర్ అనే మొద్దు రాక్షసుడినీ పక్కపక్కన పెట్టి చూడండి. తోడేలు ఇంటెలిజెన్స్ 3, పాసివ్ పర్సెప్షన్ 13, పైగా వినికిడిలోనూ వాసన పట్టడంలోనూ దానికి ప్రత్యేకమైన నేర్పు ఉంది. ఓగర్ ఇంటెలిజెన్స్ 5, పాసివ్ పర్సెప్షన్ 8. పొద చాటున నక్కిన రోగ్‌ను (చాటుగా మెలిగే పాత్రను) తోడేలు పసిగట్టే అవకాశం ఎక్కువ. గుంపులో ఎవరి ఒంటి నుంచి నెత్తురు వాసన వస్తోందో, ఎవరు కుంటుతున్నారో, ఎవరు అందరికీ దూరంగా నడుస్తున్నారో దానికి తెలిసిపోతుంది. కానీ చేతికర్ర పట్టుకున్న మనిషి మంత్రగాడని దానికి ఏ దారినా తెలియదు. ఓగర్ ఆ పొద పక్కనుంచే ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతుంది. అయితే గతంలో ఒక మంత్రగాడి చేతిలో కాలి ఉంటే మాత్రం చేతికర్రను చూడగానే జంకుతుంది.

జెలాటినస్ క్యూబ్ (జిగట ముద్దలాంటి జీవి) ఇంకో కొసన ఉంది. దాని ఇంటెలిజెన్స్ 1. అరవై అడుగుల వరకు బ్లైండ్‌సైట్ (కంటితో పనిలేకుండా పసిగట్టే శక్తి) ఉంది, ఆ పరిధికి అవతల పూర్తిగా గుడ్డిది. కంటిని మోసగించే భ్రమ ఏదీ దానిమీద పనిచేయదు, ఎందుకంటే అది కంటితో చూడదు. ఎవరు క్లెరిక్, ఎవరు ఫైటర్ (యోధుడి పాత్ర) అన్న ప్రశ్నే దానికి లేదు. దగ్గరున్నదే ఆహారం.

ఇంటెలిజెన్స్ అంకెను నేను చదివే తీరు ఇది. ఇది నా విభజనే తప్ప నియమం కాదు. నాలుగు వరకు ఆకలి, భయం, పిల్లల రక్షణ మాత్రమే నడిపిస్తాయి. ఐదు నుంచి ఏడు వరకు "నన్ను కొట్టింది ఎవరు" అన్న ఒక్క అడుగు ఆలోచన ఉంటుంది. ఎనిమిది నుంచి పదకొండు వరకు ఉన్నవాడు మామూలు పల్లెటూరి మనిషితోనో సిపాయితోనో సమానం: వేషాన్నీ ఆయుధాన్నీ బట్టి మనిషిని అంచనా వేస్తాడు, ఒకసారి దెబ్బతింటే రెండోసారి జాగ్రత్తపడతాడు. పన్నెండు దాటితే ముందుగా పథకం వేస్తాడు. పదహారు దాటితే మన పథకాన్ని ముందే ఊహిస్తాడు. గోబ్లిన్ ఇంటెలిజెన్స్ 10 అని చాలామంది గుర్తుపెట్టుకోరు. అది తెలివిలో సగటు మనిషికి ఏమీ తీసిపోదు. దాని విజ్డమ్ మాత్రం 8, అంటే వెనక్కి తగ్గవలసిన సమయాన్ని అది పోల్చుకునేసరికి ఆలస్యమవుతుంది.

రెండో మెట్టు: ఎదురుపడకముందే దానికి ఏం తెలుసో రాసుకోండి

ఆ జీవి ఎక్కడ, ఎంతకాలంగా, ఎవరి మధ్య బతుకుతోందో అడగండి. వర్తకుల బాట పక్కన కొండల్లో ఉండే గోబ్లిన్లు ఎన్నో బిడారులను చూసి ఉంటాయి. చైన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం) తొడుక్కున్నవాడికి బాణం సులువుగా దిగదనీ, పవిత్ర చిహ్నం మెళ్లో వేసుకున్నవాళ్లు గాయాలు మాన్పుతారనీ వాటికి తెలుసు. వట్టి చేతులతో, కవచం లేకుండా నడిచే మంక్ (ఆయుధం లేకుండానే పోరాడగల పాత్ర) వాటి కంటికి భిక్షువులాగే కనిపిస్తాడు. అలాగే రేజ్‌లోకి (పోరులో తెచ్చుకునే ఆవేశంలోకి) రాకముందు బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే పాత్ర) కవచం కొనుక్కోలేని పేద కూలీలా కనిపించవచ్చు. ఆ పొరపాటు గోబ్లిన్లను చేయనివ్వండి. ఆటగాళ్లకు అది గొప్ప సంతోషాన్నిస్తుంది, పైగా అది న్యాయమైన పొరపాటే.

తన ఒంటి సంగతి తనకు తెలియని జీవి ఉండదు. ట్రోల్ అనే రాక్షస జీవి గాయాలు తమంతట తామే మానతాయి, నిప్పూ ఆమ్లమూ తగిలితే మానడం ఆగుతుంది. ఇంటెలిజెన్స్ 7 మాత్రమే ఉన్నా, ఆ బాధను ఒక్కసారి అనుభవించిన ట్రోల్ దివిటీ పట్టుకున్నవాడిని కనిపెట్టుకునే ఉంటుంది. దీనికి పాత్రల గురించి ఏమీ తెలియనక్కరలేదు.

పాత్రల పేరుప్రతిష్ఠలను కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మొదటి లెవెల్ (స్థాయి) పాత్రలను ఎరిగినవాళ్లు ఉండరు. ఒక ఊరిని కాపాడి, సత్రంలో ఆ కథ చెప్పుకుని, నలుగురి చేత పాటలు కట్టించుకున్న పాత్రల సంగతి వేరు. ఆ పాటల్లో ఏముందో మీ శత్రువు అంత నమ్ముతాడు, పాట అబద్ధమైతే అబద్ధాన్నే నమ్ముతాడు.

మూడో మెట్టు: మొదటి చూపుకు ఏం అందుతుందో నిజాయితీగా లెక్కించండి

కవచం, ఆయుధం, నడిచే వరుస, చేతిలోని వెలుగు, కుంటు, మాట్లాడుకునే గొంతు: ఇవి అందుతాయి. క్లాస్ (పాత్ర రకం), లెవెల్, మిగిలిన స్లాట్లు, కత్తికి ఉన్న మంత్రశక్తి, హిట్ పాయింట్ల అంకె అందవు. అయితే ఒక చిన్న నియమం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. 2014 నాటి ఆటగాళ్ల పుస్తకం ప్రకారం, హిట్ పాయింట్లు సగానికి తగ్గేవరకు ఒంటిమీద సాధారణంగా గాయాలు కనబడవు, సగం కంటే తగ్గాక కోతలూ కమిలిన మచ్చలూ కనిపిస్తాయి. అందుచేత ఎవరు సగానికి దిగారో మాన్‌స్టర్ చూడవచ్చు. పదకొండు మిగిలాయా రెండే మిగిలాయా అన్నది చూడలేదు.

వెలుగు లెక్క మర్చిపోకండి. దివిటీ చుట్టూ ఇరవై అడుగులు బాగా కనిపిస్తుంది, మరో ఇరవై అడుగులు మసకగా కనిపిస్తుంది. గోబ్లిన్‌కు అరవై అడుగుల డార్క్‌విజన్ (చీకట్లో చూసే శక్తి) ఉంది, పైగా చీకట్లో దివిటీ ఎంత దూరానికైనా ఆనవాలే. అందుచేత దివిటీతో వచ్చిన బృందం నలభై అడుగుల వరకే చూస్తుండగా, ఆ బృందంలో ఎంతమంది ఉన్నారో అవతలి చీకట్లో ఉన్నవాళ్లు తీరుబడిగా లెక్కపెట్టుకుంటారు.

నాలుగో మెట్టు: మంత్రాల విషయంలో ప్రత్యేకంగా ఆగండి

ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి, ఎందుకంటే ఆట చరిత్రలోనే దీనికి రెండు జవాబులు ఉన్నాయి. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో, ఒక జీవి మీద ఏదైనా పవర్ (మంత్రం లాంటి ప్రత్యేక శక్తి) ప్రయోగిస్తే తనకు ఏం జరిగిందో, తనమీద ఏ స్థితి పడిందో ఆ జీవికి స్పష్టంగా తెలుస్తుందని నియమం రాశారు. ఐదో ఎడిషన్ ఆ భరోసా ఇవ్వదు. పిడుగులాంటి మంత్రమైతే తగిలినవాడికి తెలుస్తుంది. మనసు చదివే ప్రయత్నం లాంటి సూక్ష్మమైన మంత్రమైతే, ఆ మంత్రం వివరణలో మరోలా లేనంతవరకు, తనమీద మంత్రం పడిందనే సంగతే తెలియకపోవచ్చు. చార్మ్ పర్సన్ వివరణలో మరోలా ఉంది: మంత్రం ముగిశాక, తనను వశపరచుకున్నది ఎవరో బాధితుడికి తెలుస్తుంది. కాబట్టి ప్రతి మంత్రం వివరణనూ చివరి వాక్యం వరకు చదవాలి.

మంత్రం వేయడం కనబడుతుందా అన్నది రెండో ప్రశ్న. మాటతో, చేతి కదలికతో, వస్తువుతో వేసే మంత్రాన్ని వేస్తున్నట్టు దగ్గరున్నవాళ్లు గ్రహిస్తారు. సోర్సరర్ (మరో రకం మంత్రగాడి పాత్ర) సటిల్ స్పెల్ అనే నేర్పు ఉపయోగించి మాటనూ కదలికనూ తీసేసి, ఆ మంత్రానికి వస్తువు కూడా అక్కరలేకపోతే, గ్రహించడానికి ఏమీ మిగలదు. అందుకోసం ఆటగాడు విలువైన పాయింట్లు ఖర్చు పెట్టాడు. ఆ ఖర్చును డీఎం వృథా చేయకూడదు.

మూడోది, ఏ మంత్రం వేస్తున్నారో తెలుస్తుందా అన్నది. 2017 నాటి అదనపు నియమాల ప్రకారం, వేస్తున్న మంత్రాన్ని గుర్తుపట్టడానికి రియాక్షన్ (ఇతరుల వంతులో చేయగల స్పందన) ఖర్చు చేసి ఆర్కానా (మంత్రజ్ఞానం) పరీక్ష నెగ్గాలి. దాని కష్టం 15కు మంత్రం లెవెల్ కలిపినంత. అరవై అడుగుల లోపల కంటికి కనబడే మంత్రగాడిని అడ్డుకునే కౌంటర్‌స్పెల్ అనే మంత్రానికి కూడా రియాక్షనే కావాలి. ఒక రౌండ్‌లో (అందరికీ ఒక్కో వంతు వచ్చే వ్యవధిలో) ఒకడికి రియాక్షన్ ఒక్కటే కనుక, గుర్తుపట్టినవాడే అడ్డుకోలేడు. అంటే శత్రు మంత్రగాడు మంత్రం పేరు తెలియకుండానే అడ్డుకోవాలో వద్దో నిర్ణయించుకోవాలి. "ఫైర్‌బాల్ వేస్తున్నాను" అని ఆటగాడు ముందే చెప్పేస్తే ఆ పేరును మీరు మనసులోంచి తుడిచేయలేరు. నా టేబుల్ దగ్గర "మంత్రం వేస్తున్నాను" అని మాత్రమే చెప్పి ఒక క్షణం ఆగమంటాను. అడ్డుకోవడం గురించి నేను తేల్చి చెప్పాకే పేరు బయటపెడతారు. నా మంత్రగాళ్లు మంత్రం వేసేటప్పుడు నేను కూడా అలాగే ఆగుతాను. ఇంత చిన్న అలవాటు ఎన్ని వాదనలను తప్పించిందో చెప్పలేను.

ఐదో మెట్టు: ప్రతి కొత్త సంగతికీ ఒక రౌండ్ వెల కట్టండి

ఒక పోరును దగ్గరగా చూద్దాం. వాగు దాటే చోట ఆరు గోబ్లిన్లూ ఒక నాయకుడూ కాచుకుని ఉన్నారు. కవచంతో ఫైటర్, పవిత్ర చిహ్నాన్ని దుప్పటి కింద దాచుకున్న క్లెరిక్, చేతికర్రతో విజార్డ్ వాగులోకి దిగారు. రోగ్ వాళ్లకంటే ముందే పొదల మాటున దాటింది. ఆమె స్టెల్త్ (నక్కే నేర్పు) 17, గోబ్లిన్ల పాసివ్ పర్సెప్షన్ 9. కాబట్టి గోబ్లిన్ల లెక్కలో వచ్చినవాళ్లు ముగ్గురే. ఈ మాటను నేను కాగితం మీద రాసుకుంటాను, ఎందుకంటే రాసుకోకపోతే మూడో రౌండ్‌లో ఏదో ఒక గోబ్లిన్ కారణం లేకుండా పొదల వైపు తిరుగుతుంది.

మొదటి రౌండ్‌లో రెండు బాణాలు విజార్డ్ మీద పడతాయి. దీనికి దారి ఉంది: కవచం లేనివాడు అతనొక్కడే. విజార్డ్ షీల్డ్ వేయగానే ఆర్మర్ క్లాస్ ఐదు పెరిగి బాణం గాలిలో ఆగిపోతుంది. అది చూసిన రెండు గోబ్లిన్లకు ఇతను మంత్రగాడని తెలిసింది. బండ అవతల ఉన్న మిగతావాటికి తెలియలేదు. చూసినవాడు అరిచి చెప్పాలి. ఆ అరుపు గోబ్లిన్ భాషలో ఉంటుంది, రోగ్‌కు ఆ భాష వస్తే ఆమెకూ అర్థమవుతుంది. మాన్‌స్టర్ల మధ్య సమాచారం నడిచే దారి ఆటగాళ్ల చెవికి కూడా అందేలా ఉండటం నాకు చాలా ఇష్టం.

రెండో రౌండ్‌లో ఫైటర్ పడిపోయాడు. నలభై అడుగుల దూరం నుంచి క్లెరిక్ గట్టిగా ఒక మాట పలకగానే హీలింగ్ వర్డ్ అనే మంత్రం పనిచేసి అతను లేచాడు. ఇక్కడే చాలామంది డీఎంలు ఆ క్షణానే అన్ని విల్లులనూ క్లెరిక్ వైపు తిప్పేస్తారు. నేను ఒక రౌండ్ ఆగుతాను. ఫైటర్ పక్కనున్న గోబ్లిన్ తెల్లబోతుంది, నాయకుడు ఆ గొంతు ఎటునుంచి వచ్చిందో వెతికి చూస్తాడు, తన వంతులో వేలెత్తి చూపి కేక వేస్తాడు. మూడో రౌండ్‌లో గాని బాణాలు క్లెరిక్ వైపు మళ్లవు. ఆ ఒక్క రౌండ్‌లో క్లెరిక్ బండ చాటుకు చేరుకోవచ్చు, రోగ్ నాయకుడి వెనకకు చేరుకోవచ్చు. నాయకుడు కూలితే వేలెత్తి చూపేవాడే ఉండడు, మిగిలినవాళ్లలో ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

పడిపోయినవాడి మీద మళ్లీ వేటు వేయాలా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. స్పృహ లేనివాడిని ఐదు అడుగుల లోపలి నుంచి కొడితే ఆ దెబ్బ క్రిటికల్ (మామూలుకంటే బలమైనది) అవుతుంది, రెండు డెత్ సేవ్‌లు (చావును తప్పించుకునే పాచికల అవకాశాలు) పోతాయి. పోరు మధ్యలో గోబ్లిన్ సాధారణంగా నిలబడి ఉన్నవాడినే చూసుకుంటుంది. పడ్డవాడు లేవడం ఒకసారి కళ్లారా చూసిన గోబ్లిన్ మాత్రం రెండోసారి అతన్ని ముగించి పోవచ్చు. ఆకలిగొన్న జంతువైతే వేటు వేయకుండా ఈడ్చుకుపోతుంది. ఏది చేసినా కారణం ముందు జరిగినదాంట్లో కనిపించాలి.

ఆరో మెట్టు: పోరు ముగిశాక వార్త ఎక్కడిదాకా వెళ్లిందో రాయండి

పారిపోయిన ఒక్క గోబ్లిన్ వంద మందికి ఉప్పందిస్తుంది. 1981 నాటి బేసిక్ నియమాల్లో మొరేల్ (ధైర్యం) అనే అంకె ఉండేది. తమవాడు మొదట కూలినప్పుడూ, తమలో సగం మంది పోరాడలేని స్థితికి వచ్చినప్పుడూ డీఎం రెండు ఆరుముఖాల పాచికలు వేసేవాడు. మొత్తం ఆ అంకెను మించితే మాన్‌స్టర్లు పారిపోవడమో లొంగిపోవడమో జరిగేది. ఇప్పటి ఆటలో కూడా దాన్ని వాడుకోమని గట్టిగా చెబుతాను. చివరి మాన్‌స్టర్ చచ్చేదాకా సాగే పోరులో వార్త మోసుకెళ్లేవాడు మిగలడు, అప్పుడు లోకం పాత్రల గురించి ఏమీ నేర్చుకోదు.

చచ్చినవాళ్లు కూడా చెప్పగలరు. శత్రువుల వైపు పూజారి ఉంటే స్పీక్ విత్ డెడ్ అనే మంత్రంతో శవాన్ని ఐదు ప్రశ్నలు అడగవచ్చు. శవం బతికి ఉన్నప్పుడు తెలిసినదే చెబుతుంది, కనుక వెనకనుంచి కత్తిపోటుకు చచ్చిన నాయకుడు రోగ్ ముఖాన్ని వర్ణించలేడు. స్క్రైయింగ్ (దూరాన ఉన్నవారిని చూపించే మంత్రం) ఇంకా లోతైనది. ఎవరిని చూడాలనుకుంటున్నారో వారి గురించి విన్నది మాత్రమే ఉంటే వారి సేవ్‌కు (మంత్రాన్ని తప్పించుకునే పాచికకు) ఐదు కలుస్తుంది, వారి వస్త్రం చేతిలో ఉంటే నాలుగు తగ్గుతుంది, వెంట్రుకో గోరో ఉంటే పది తగ్గుతుంది. వాగు ఒడ్డున పాత్రలు ఏం వదిలి వెళ్లాయో అడిగి రాసి పెట్టుకోండి. పది రోజుల తరువాత ఆ దుప్పటి ముక్క పనికొస్తుంది.

ఏడో మెట్టు: మహా మేధావులకు అన్నీ తెలిసినా దారి చూపించండి

మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసుడి ఇంటెలిజెన్స్ 19, తలపులు చదివే డెటెక్ట్ థాట్స్ మంత్రాన్ని ఎన్నిసార్లైనా వాడగలదు. అయినా ఆ మంత్రానికి ముప్పై అడుగుల హద్దు ఉంది, రెండు అడుగుల రాయి గాని పలచని సీసపు రేకు గాని అడ్డుగా ఉంటే మనసు దొరకదు. పైపై తలపులు సులువుగా అందుతాయి, లోతుకు దిగాలంటే ఎదుటివాడికి సేవ్ ఉంటుంది, దిగుతున్న సంగతి కూడా అతనికి తెలుస్తుంది. ఎర్ర డ్రాగన్ పూర్తిగా ఎదిగినదైతే (అడల్ట్) పాసివ్ పర్సెప్షన్ 23, ఇంటెలిజెన్స్ 16. అది నెలల ముందే బానిసలను పంపి ఆరా తీసి ఉంటుంది. పోరు మొదలయ్యేలోపు ఆ ఆరా ఒక్కసారైనా పాత్రల కంటబడాలి: సంతలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఒక ముఖం, వింత ప్రశ్నలు వేసే ఒక వర్తకుడు. అప్పుడు డ్రాగన్ పాత్రలను పేరుపెట్టి పిలిచినా ఎవరూ మోసం అనరు, ఆ వర్తకుడు ఎవరో అందరికీ అప్పుడే తట్టుతుంది.

టేబుల్ దగ్గర మాటలు

ఒక రౌండ్ అంటే ఆరు సెకన్లు. ఆటగాళ్లు పది నిమిషాలు కూర్చుని చర్చించుకున్న వ్యూహం అంతా పాత్రల నోటినుంచి వచ్చిందని లెక్కవేస్తే మాన్‌స్టర్లు అన్నీ వినేస్తాయి. ఆటగాళ్ల చర్చను ఆటగాళ్లకే వదిలేసి, పాత్ర తన వంతులో పలికానని చెప్పిన మాటను మాత్రమే మాన్‌స్టర్ చెవికి చేర్చండి. అయితే అది కామన్ భాషలో (ఆ లోకంలో అందరికీ తెలిసిన భాషలో) పలికిందా అని తప్పక అడగండి. ఎల్ఫ్ భాష తెలిసిన ఇద్దరు పాత్రలు దాన్ని ఇలాంటి చోటే వాడుకోవాలి, మనం తెలుగు రానివాళ్ల ముందు తెలుగులో మాట్లాడుకున్నట్టు.

ఇదంతా గుర్తుంచుకోవడానికి నేను ప్రతి పోరుకూ అరచేయంత కాగితం ఒకటి వాడతాను. పైన "ముందే తెలుసు", మధ్యలో "ఇప్పుడు చూసింది", కింద "ఎవరికి చెప్పింది" అని మూడు గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో రెండు మూడు మాటలకు మించి రాయను.

ఆ సమాధి గదిని ఈ మధ్య వేరే బృందానికి మళ్లీ నడిపాను. అస్థిపంజరాల ఇంటెలిజెన్స్ 6, బతికి ఉన్నప్పటి భాషలు వాటికి అర్థమవుతాయి. ఈసారి కాగితం మీద పై గడిలో "కర్ర పట్టుకున్నవాడిని ముందు కొట్టమని యజమాని ఆజ్ఞ" అని రాసుకున్నాను, ఆ ఆజ్ఞనే గదికి ముందున్న గోడమీద పాత లిపిలో చెక్కించాను. బాణాలు మళ్లీ కర్ర ఉన్నవైపే వెళ్లాయి. గోడమీది రాత చదివిన విజార్డ్ తన కర్రను అప్పటికే ఫైటర్ చేతిలో పెట్టింది.